బండ్లు వేరైనను రేవు ఒక్కటి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రామము తన గ్రంథాలయమును నిలుపుకొనుట సామాన్య విషయము కాదు. ఇట్టి శుభసమయమున పుస్తకముల మహిమను గూర్చి ప్రసంగించుట ఆచారము. నేటి ప్రసంగ విషయము మాత్రము కొందరికి వింతగా తోపవచ్చును. విద్యుత్తుతో నడచు బండ్లను తయారు చేయు సంస్థలు ఒకదానితో నొకటి పోటీ పడుచున్నవి. ఆ బండ్లకు విద్యుత్తు నింపు చార్జింగు కేంద్రములను అవి అందరికిని ఉమ్మడిగా ఉంచవలెనా, లేక ఎవరి కేంద్రమును వారు తమ బండ్లకే ఉంచుకొనవచ్చునా అనునదియే ఆ విషయము. గ్రంథాలయమునకును దీనికిని సంబంధమేమని అడుగువారుందురు. సంబంధము కలదు.

పుస్తకములను అచ్చువేయువారు వేర్వేరు. వారిలో వారికి పోటీ కలదు. అయినను గ్రంథాలయపు బీరువాలో అందరి పుస్తకములును ఒకే వరుసలో నిలుచును. చదువరి ఏ ప్రచురణకర్త పక్షము వాడని ద్వారమువద్ద ఎవరును అడుగరు. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన నాటినుండియు కృష్ణాతీరము నేర్చుకొన్న పాఠమిది. 1935లో పాతూరి నాగభూషణము గారు పడవలో పుస్తకములు పెట్టి కాలువవెంట గ్రామములకు పంపినప్పుడు, పడవ ఆగిన ప్రతి రేవునను ఆ ఊరివారందరును పుస్తకము పుచ్చుకొనిరి. రేవునకు పడవల భేదము లేదు. ఏ పడవ వచ్చినను ఆగును. చార్జింగు కేంద్రము గూడ నేటి బండ్లకు రేవు వంటిది. అది ఎవరిది కావలెనను ప్రశ్న అందువలన గ్రంథాలయ సభకు తగినదే.

మైలవరము నూజివీటి మామిడిసీమలోని ఊరు. 2022లో జిల్లాలను విభజించినప్పుడు మైలవరము ఎన్టీఆర్ జిల్లాలోను, నూజివీడు ఏలూరు జిల్లాలోను చేరినవి; కాని తోటలకు ఆ గీత తెలియదు. వేసవి రాగానే బంగినపల్లియు, చిన్నరసమును, పెద్దరసమును, కలెక్టరు కాయయు బండ్లకెక్కి నున్న మార్కెట్టు దారి పట్టును. మామిడికాయ ఆగెడి సరకు కాదు. కోసిన కాయ ఎండలో ఎంతసేపు నిలిచిన ధర అంత తగ్గును. ఒక కౌలు రైతు కుమారుడు అప్పు చేసి, విద్యుత్తుతో నడచు సరకుల ఆటో కొనెననుకొందురు గాక. రాత్రి ఇంటివద్ద చార్జింగు పెట్టి, తెల్లవారుజామున కాయ ఎక్కించి మార్కెట్టులో దింపి వచ్చెను. రెండవ తడవకు బ్యాటరీ చాలదు. దారిలో ఒక కేంద్రము కనబడెను. అచ్చట యంత్రము ఉన్నది, విద్యుత్తు ఉన్నది, వరుసలో ఎవరును లేరు. కాని ఆ ప్లగ్గు ఇతని బండికి పట్టదు. అది వేరొక సంస్థ బండ్లకు మాత్రమే పట్టును. అప్పు వాయిదా నిలువదు, చెట్టుమీది కాయ నిలువదు, బండి మాత్రము నిలిచిపోయినది. ఈ విచారమంతయు అతని నిమిత్తము.

ముందుగా కొన్ని సామాన్య విషయములు చెప్పుకొనవలెను. సాధారణమైన విద్యుత్తు స్కూటరు బ్యాటరీలో సుమారు 3 యూనిట్ల విద్యుత్తు పట్టును. కారు బ్యాటరీలో 30, 40 యూనిట్లు పట్టును. అంతకు మించినవియు కలవు. స్కూటరును ఇంటిలోని ప్లగ్గుకు తగిలించి రాత్రి పండుకొన్నచో తెల్లవారునప్పటికి నిండును. అందువలన సొంత ఇల్లును, సొంత మీటరును, ఊరిలోనే పనియు గలవారికి బయటి కేంద్రముతో నిత్యావసరము లేదు. ఆ అవసరము దూరప్రయాణము చేయువారికి కలదు. దినమునకు మూడు నాలుగు తడవలు తిరుగు ఆటోవారికి కలదు. మేడమీద ఒక గదిలో అద్దెకుండి క్రింద బండి నిలుపుకొనువారికి కలదు. వీరిలో అధికులు కలిగినవారు కారను సంగతి గుర్తుంచుకొనదగినది.

ఇక ప్లగ్గులు ఏల వేరయినవి? దీనికి న్యాయమైన కారణమొకటి కలదు, అంత న్యాయము కానిది మరియొకటి కలదు. స్కూటరు బ్యాటరీ 50 వోల్టులకు అటునిటుగా పని చేయును. కారు బ్యాటరీ 300, 400 వోల్టులలో పని చేయును. కావున కారుకు వేగముగా విద్యుత్తు నింపు యంత్రమును స్కూటరుకు తగిలించుట కుదరదు. ఎద్దుబండి ఇరుసును లారీకి బిగింపలేనట్లే ఇదియు. ఇది వస్తుస్వభావము, దీనికి ఎవరిని నిందింపరాదు. మరియు వేగముగా నింపునప్పుడు ప్రవాహము వచ్చుటకు ముందే బండియు, యంత్రమును ఒకదానితో నొకటి సంకేతములతో మాటలాడుకొనును. బ్యాటరీ ఎంత వేడిగా ఉన్నది, ఎంత విద్యుత్తు భరింపగలదు అను విషయములను బండి తెలుపగా యంత్రము దానినిబట్టి నడచుకొనును. ఆ భాష తెలియని యంత్రము ప్లగ్గు పట్టినను పని చేయదు. ఇంతవరకు న్యాయమైన కారణము. కాని స్కూటరుకును స్కూటరుకును నడుమ ప్లగ్గు వేరగుట వస్తుస్వభావము కాదు. అది వ్యాపారుల నిర్ణయము.

భారతదేశమున ఈ విషయము నడచిన తీరు తెలిసికొనదగినది. 2017లో ప్రభుత్వము భారత్ ఏసీ-001, భారత్ డీసీ-001 అను రెండు పద్ధతులను నిర్ణయించెను. తొలినాటి కార్లు కొన్ని ఆ డీసీ పద్ధతినే అనుసరించినవి. అటుపిమ్మట బలమైన బ్యాటరీలు గల కార్లు వచ్చి, ఐరోపా దేశములలో వాడుకయందున్న సీసీఎస్-2 అను ప్లగ్గును చేపట్టెను. 2020లో వచ్చిన టాటా నెక్సాన్ విద్యుత్తు కారు ఆ కోవకు చెందినదే. దానితో పాతపద్ధతి యంత్రములకు క్రొత్త కార్ల రాకపోకలు తగ్గిపోయినవి. 2018 ఏప్రిలులో కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ, బ్యాటరీకి విద్యుత్తు నింపుట విద్యుత్తును అమ్ముట కాదనియు, దానికి లైసెన్సు అక్కరలేదనియు తేల్చి చెప్పెను. ఆ సంవత్సరము డిసెంబరులో వెలువడిన నిబంధనలలో, రహదారులపై ప్రతి 25 కిలోమీటర్లకు ఇరువైపుల ఒక కేంద్రముండవలెననియు, ప్రతి కేంద్రమునను ఐదు రకముల యంత్రములను తప్పక నిలుపవలెననియు చెప్పబడెను.

అందరి బండ్లకును సరిపడవలెనను సదుద్దేశముతో పెట్టిన నిబంధనయే అది. కాని ఒక్కొక్క కేంద్రమునకు ఐదు యంత్రములనగా పెట్టుబడి మోయరానిదాయెను. వానిలో కొన్ని ఆ దారిలో తిరుగని బండ్లకు సంబంధించినవి. 2019 అక్టోబరులో ప్రభుత్వమే ఆ నిర్బంధమును సడలించి, ఏ యంత్రములు పెట్టవలెనో కేంద్రమువారి ఇష్టమునకు వదలెను. అన్ని ప్లగ్గులను ప్రతిచోట ఉంచుమనుట ఉమ్మడితనము కాదనియు, ఒకే తరగతి బండ్లన్నిటికిని ఒకే ప్లగ్గు ఉండుటయే నిజమైన ఉమ్మడితనమనియు ఈ అనుభవము నేర్పినది.

కార్ల విషయమున ఆ ఒక్క ప్లగ్గు దాదాపు కుదిరినది. స్కూటర్ల విషయమున చిక్కు నిలిచినది. బెంగుళూరునకు చెందిన ఏథర్ ఎనర్జీ సంస్థ 2018లో తన స్కూటర్లతోబాటు తన చార్జింగు కేంద్రములను గూడ నెలకొల్ప మొదలిడెను. 2021లో ఆ సంస్థ తన ప్లగ్గు నమూనాను ఇతర తయారీదారులకును తెరచి ఉంచెను. 2023లో భారత ప్రమాణముల సంస్థ ఇట్టి చిన్న బండ్లకొరకు ఐఎస్ 17017 వరుసలో ఒక స్వదేశీ ప్లగ్గు ప్రమాణమును ప్రకటించెను. అదే సంవత్సరము డిసెంబరులో హీరో మోటోకార్ప్ వారి విడా స్కూటర్లును, ఏథర్ స్కూటర్లును ఒకరి కేంద్రములలో ఒకరు విద్యుత్తు నింపుకొనునట్లు ఏర్పాటు జరిగెను. సంతోషింపదగిన వార్తయే. కాని హీరో సంస్థ ఏథర్ సంస్థలో పెద్ద వాటాదారు అను సంగతిని మరువరాదు. బంధువుల నడుమ పొత్తు కుదురుట సులభము. పరాయివారి నడుమ కుదిరినప్పుడే అది ధర్మమై నిలుచును. ఆ ప్రమాణమును పాటింపుడని చెప్పుట జరిగినది గాని, ప్రకటించిన నాడు అది అందరికిని నిర్బంధము కాలేదు.

ప్రతిపక్షము వారి వాదమును న్యాయముగా వినవలెను. వారు మూడు మాటలు చెప్పుదురు. మొదటిది: బండ్లు పదియైనను లేని కాలమున నష్టమునకోర్చి కేంద్రములు కట్టినవారొకరు, కట్టక, ఆ సొమ్ముతో బండి ధర తగ్గించి అమ్ముకొన్నవారు మరియొకరు. నేడు ఇరువురును సమానముగా వాడుకొన్నచో కట్టినవాని కష్టమునకు విలువ యేమి? రెండవది: పొరుగు సంస్థ బండి తమ యంత్రమువద్ద చెడిపోయినచో పూచీ ఎవరిది? మూడవది: పండుగనాడు తమ ఖాతాదారులే వరుసలో నిలిచియుండగా పరాయి బండికి చోటిచ్చుట ఎట్లు? ఇవి వట్టి మాటలు కావు. తోట చుట్టు ముండ్లకంచె నాటినవానిని స్వార్థపరుడని ఎవరును అనరు. కంచెయే లేకున్న ఆ తోట నాటకయే పోవునేమో.

అమెరికాలో టెస్లా సంస్థ చరిత్ర ఈ వాదమునకు కొంత బలమిచ్చును. 2012లో అది తన కార్లకు మాత్రమే పనికివచ్చు కేంద్రములను కట్టుట ప్రారంభించెను. ఆ ప్రత్యేకతను చూచియే అనేకులు దాని కార్లు కొనిరి. ఆ రాబడితో కేంద్రములు పెరిగెను. కాని కథ అంతటితో ముగియలేదు. 2021 నవంబరులో ఐరోపాలో కొన్నిచోట్ల ఆ కేంద్రములను పరాయి కార్లకు తెరచిరి. 2022 నవంబరులో తన ప్లగ్గు నమూనాను అందరికొరకు ప్రకటించిరి. 2023 మే నెలలో ఫోర్డు సంస్థయు, జూనులో జనరల్ మోటార్సు సంస్థయు ఆ ప్లగ్గును చేపట్ట నంగీకరించెను. ప్రభుత్వ సహాయధనము కావలెనన్నచో కేంద్రము అందరికిని తెరచియుండవలెనను అక్కడి నిబంధనయు దీనికి తోడ్పడెను. మూసి ఉంచుట మొలకకు మేలు చేసియుండవచ్చును. చెట్టు పెరిగిన పిమ్మట తెరచి ఉంచుటయే కట్టినవానికిని లాభమని దీనివలన తేలుచున్నది.

ఈ పాఠము తెలుగుదేశమునకు క్రొత్తది కాదు. బెజవాడ స్టేషను దీనికి సాక్షి. 1889లో నిజాము రైల్వే సికిందరాబాదునుండి బెజవాడకు చేరెను. దాని పట్టాల నడుమ దూరము 5 అడుగుల 6 అంగుళములు. గుంతకల్లు, గుంటూరు వైపునుండి వచ్చిన దక్షిణ మహరాట్టా రైల్వేవారి పట్టాల నడుమ దూరము ఒక మీటరు మాత్రమే. ఇరువురును ఒకే ఊరికి వచ్చిరి. కాని ఒకరి పెట్టె మరియొకరి పట్టాపై నడువదు. సరకునంతయు ఒక పెట్టెనుండి దింపి వేరొక పెట్టెలోనికి ఎక్కింపవలసినదే. ఆ దింపుడు కూలియు, ఎక్కుడు కూలియు, నడుమ పోయిన కాలమును రైతు మీదను, కొనుగోలుదారు మీదను పడెను. దేశమంతటను పట్టాలను ఒకే వెడల్పునకు తెచ్చు పథకమును ప్రభుత్వము 1992లో గట్టిగా చేపట్టెను. నూరేండ్లకు పూర్వము ఒక బల్లచుట్టు కూర్చుండి తేల్చుకొనదగిన విషయమును నూరేండ్లకు పిమ్మట పట్టాలను పెరికి సరిచేయవలసివచ్చెను. చార్జింగు కేంద్రముల విషయమున దేశమింకను ఆ బల్లవద్దనే ఉన్నది. పట్టాలు పరవకముందే మాటలాడుకొనుట చవుక.

రెండవ సాక్షి హైదరాబాదు. బ్యాంకులు ఏటీఎం యంత్రములను పెట్టిన తొలిదినములలో సాధారణముగా ఎవరి కార్డు వారి యంత్రములోనే పని చేయుచుండెను. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదున స్థాపించిన పరిశోధనాసంస్థ, 2004 ఆగస్టులో బ్యాంకుల యంత్రములను కలుపు జాతీయ వ్యవస్థను నెలకొల్పెను. పోటీ బ్యాంకులు ఒకదాని యంత్రములో మరియొకదాని కార్డును అంగీకరించుట అట్లు దేశవ్యాప్తమాయెను. బ్యాంకులు మానినవా? మానలేదు. పోటీ తగ్గినదా? తగ్గలేదు. యంత్రమును పెట్టిన బ్యాంకునకు కార్డు ఇచ్చిన బ్యాంకు ప్రతి వాడకమునకును కొంత రుసుము చెల్లించును. నగదు తీసినప్పుడు ఆ రుసుము 2021 ఆగస్టులో 15 రూపాయలనుండి 17 రూపాయలకును, 2025 మే నెలలో 19 రూపాయలకును పెరిగినది.

ఈ రుసుములోనే అసలు కిటుకు కలదు. రుసుము మరీ తక్కువయైనచో యంత్రమును పెట్టువాడుండడు. అందరును ఇతరుల యంత్రములనే వాడజూతురు. మరీ ఎక్కువయైనచో ఆ భారము ఖాతాదారునిపై పడును. గ్రామములలో యంత్రములు చాలకుండుట చూచి రిజర్వు బ్యాంకు 2012లో బ్యాంకులు కానివారికిని యంత్రములు పెట్టుకొన అనుమతించి, వానిలో నియమిత భాగమును చిన్న ఊళ్లలో నెలకొల్పవలెనను షరతు పెట్టెను. పొత్తు నిలుచుటకు లెక్క సరిగా ఉండవలెను. ఊరికి మేలగుటకు షరతు ఉండవలెను. ఈ రెండును లేని పొత్తు పెండ్లిపందిరిలోని మాటవలె మరునాటికి మరపునకు వచ్చును.

ఈ సాక్ష్యములనుబట్టి తీర్పు చెప్పుట కష్టము కాదు. ఉమ్మడిగా ఉండవలసినవి నాలుగు. ఒకే తరగతి బండ్లకు ప్లగ్గు ఒక్కటి కావలెను. బండియు, యంత్రమును మాటలాడుకొను సంకేతభాష ఒక్కటి కావలెను. ఏ కేంద్రమునందైనను డబ్బు చెల్లించు పద్ధతి ఒక్కటి కావలెను. ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క యాపును ఫోనులో నింపుకొను బాధ ఉండరాదు. ఐరోపాలో 2024 ఏప్రిలునుండి క్రొత్తగా పెట్టు వేగవంతమైన యంత్రములవద్ద ఏ సభ్యత్వమును లేకయే కార్డుతో చెల్లింపవచ్చునను శాసనము వచ్చినది. భారతదేశమున చిల్లర అంగడిలో గూడ పనిచేయు యూపీఐ ఉండగా ఇది కష్టసాధ్యము కాదు. నాలుగవది సమాచారము: ఏ కేంద్రము ఎచ్చట ఉన్నది, పని చేయుచున్నదా, ఖాళీగా ఉన్నదా అను వార్త అందరికిని తెలియవలెను.

ఉమ్మడి చేయనక్కరలేనివియు కలవు. ఎచ్చట కేంద్రము పెట్టవలెను, ఎంత వేగముగా నింపవలెను, యూనిట్టుకు ఎంత ధర పుచ్చుకొనవలెను, నీడయు, మంచినీరును, మరుగుదొడ్డియు ఎట్లుండవలెను అనువానిలో సంస్థలు మనసార పోటీ పడవచ్చును. కట్టినవాడు పరాయి బండివద్ద కొంత రుసుము అధికముగా తీసికొనుటయు న్యాయమే. కాని ఆ రుసుము బోర్డుపై వ్రాసియుండవలెను, ప్రభుత్వము దానికొక హద్దు నిర్ణయింపవలెను. పూచీ విషయమున, ప్రమాణమును పాటించి ముద్ర పొందిన బండికిని, యంత్రమునకును నడుమ చెడుగు కలిగినచో పరీక్షించి తేల్చు పద్ధతి ఉన్న చాలును. వరుస విషయమున, మార్కెట్టులోని కాటావలె ముందు వచ్చినవానికి ముందు. ఇక ప్రజల సొమ్ముతో కట్టిన కేంద్రము విషయమున వాదమే లేదు. 2024లో ప్రారంభమైన పీఎం ఇ-డ్రైవ్ పథకమున చార్జింగు కేంద్రములకై 2,000 కోట్ల రూపాయలు కేటాయింపబడెను. ప్రజాధనము పుచ్చుకొన్న కేంద్రము ఏ బండికిని తలుపు మూయరాదు.

ఈ ప్రశ్నలో పట్టణముకన్న పల్లెకు ఎక్కువ పందెమున్నది. విజయవాడ వంటి నగరమున మూడు సంస్థలు మూడు కేంద్రములు పెట్టినను మూడింటికిని బండ్లు దొరకును. మైలవరము, రెడ్డిగూడెము, విస్సన్నపేట వంటి చోట్ల మూడింటికి చాలు బండ్లు ఉండవు. ఎవరిది వారికే అనినచో, ప్రతి సంస్థయు తన బండ్లను మాత్రమే లెక్కించుకొని, ఇచ్చట గిట్టదని నగరమునకు పోవును. అందరి బండ్లును ఒకేచోట నింపుకొన్నచో ఒక్క కేంద్రమైనను గిట్టుబాటగును. ఇంటింటికి బావి త్రవ్వలేని వాడలో అందరును కలిసి ఒక మంచినీటి బావి త్రవ్వుకొన్నదియు ఈ లెక్కతోనే. మరియు నున్న మార్కెట్టులో వ్యాపారులందరును పోటీదారులే; అయినను తోవయు, ఆవరణయు ఉమ్మడిగా ఉన్నందుననే ఆ పోటీ సాగుచున్నది. తోవ ఒక్కొక్క వ్యాపారికి ఒక్కొక్కటి అయినచో రైతు ఎవని తోవలో ప్రవేశించెనో వాడు చెప్పినదే ధర. చార్జింగు కేంద్రమును మూసియుంచుట అట్టిదే. బండి కొన్నవాడు ఆ సంస్థ చేతిలో చిక్కినవాడగును; మరుసటి బండి మంచిదా కాదా అని చూచుటకు బదులు, దారిలో ఏ ప్లగ్గు ఉన్నదా అని చూచి కొనవలసివచ్చును.

గ్రామస్థులు చేయదగిన పనియు కలదు. బండి కొనబోవునప్పుడు రంగును, వేగమును అడుగుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగవలెను. ఈ ప్లగ్గు భారత ప్రమాణమునకు చెందినదా? ఇంటి ప్లగ్గుతో ఎన్ని గంటలలో నిండును? దారిలో ఇతర సంస్థల కేంద్రములలో ఇది పని చేయునా? పదిమంది ఈ ప్రశ్నలడిగిన అంగడివాడు పైవారికి వ్రాయును. వేయిమంది అడిగిన సంస్థయే మారును. లైసెన్సు అక్కరలేదు గాన, ఊరిలో అంగడి గలవారో, సహకార సంఘమువారో రహదారి ప్రక్కన కేంద్రము పెట్టదలచినచో, ఒక సంస్థకే కట్టుబడు ఒప్పందముపై చేవ్రాలు చేయకుండుట మేలు. పంచాయతీ స్థలమిచ్చినచో అందరి బండ్లకును తెరచియుంచవలెనను మాటను కాగితముపై వ్రాయించుకొనవలెను.

ఈ గ్రంథాలయపు తలుపు ఇరువదియైదేండ్లుగా ఎవరి చేతిలో ఏ పుస్తకమున్నదని చూడక తెరచుకొన్నది. అందువలన పుస్తకములు అరుగలేదు, ప్రచురణకర్తలు చెడలేదు. చదువరులు పెరిగిరి, వారు పెరుగుటచే పుస్తకములు కొనువారును పెరిగిరి. ఆ తీరుననే చార్జింగు కేంద్రముల తలుపులును తెరచుకొన్నచో, తెల్లవారుజామున మామిడికాయ ఎక్కించుకొని బయలుదేరిన ఆ కుఱ్ఱవాడు రెండవ తడవకును వేళకు మార్కెట్టు చేరును. అతని అప్పు వాయిదా తప్పదు, కాయ కమిలిపోదు. ఈ రజతోత్సవము జరుపుకొనుచున్న గ్రంథాలయమునకు స్వర్ణోత్సవము గూడ వైభవముగా జరుగుగాక యని కోరుచు, ఈ ప్రసంగమునకు స్వస్తి.